128 కిలోల బరువుతో సైకిల్‌పై ఆఫీసుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: నా వయసు 41 సంవత్సరాలు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 128 కిలోలు. విజయవాడ పటమటలో ఉంటూ గవర్నర్‌పేటలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తున్నాను. బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నాను. డాక్టరు గారు నడవమంటున్నారు గానీ పది నిమిషాలు నడిస్తే మోకాళ్లు సలుపుతున్నాయి. దసరా వెళ్లాక మా అబ్బాయి పాత గేర్ల సైకిల్ దులిపి, దానిమీద ఆఫీసుకు బయలుదేరాను. రెండో రోజే వెనుక చక్రంలో రెండు స్పోకులు తెగి, రిమ్ము వంకరపోయి, నలుగురూ చూస్తుండగా నడిపించుకుంటూ ఇంటికి వచ్చాను. మా ఆవిడ “ముందు బరువు తగ్గండి, ఆ తర్వాత సైకిల్ ఎక్కుదురు గాని” అంటోంది. ఆమె చెప్పిందే నిజమా? నా బరువుకు ఎలాంటి సైకిల్ కావాలి? బందరు రోడ్డు మీద తొక్కవచ్చా? చెమట కారుతూ ఆఫీసులో ఎలా కూర్చోవాలి?

— ఒక పాఠకుడు, పటమట

సమాధానం: మీరు సైకిల్‌పై ఆఫీసుకు వెళ్లవచ్చు. బరువు తగ్గేదాకా ఆగవలసిన పని లేదు. అయితే మీ ఉత్తరంలో ఉన్న అసలు చిక్కు మీ శరీరానిది కాదు, ఆ వెనుక చక్రానిది. స్థూలకాయులు సైకిల్ మొదలుపెట్టి పది రోజుల్లో మానేయడానికి ఆయాసం కారణమయ్యే సందర్భాలు తక్కువ. తెగిన స్పోకు, ఒరుసుకుపోయిన తొడలు, తిమ్మిరెక్కించే సీటు, మొదటి రోజే మొత్తం దూరం తొక్కి తీరాలన్న పంతం, ఈ నాలుగే ఎక్కువ మందిని దింపేస్తాయి. నాలుగింటికీ మందు ఉంది.

నడకకు మోకాళ్లు ఒప్పుకోని మనిషికి సైకిల్ తగినదే. సీటుపై కూర్చున్నప్పుడు ఒంటి బరువులో ఎక్కువ భాగాన్ని సీటు, కొంత భాగాన్ని హ్యాండిల్ మోస్తాయి. నడకలో అడుగడుగునా మోకాలిపై పడే దెబ్బ ఇక్కడ ఉండదు. సీటు సరైన ఎత్తులో ఉండి, బలవంతంగా తొక్కకుండా ఉంటే మోకాలు చాలావరకు సుఖంగానే ఉంటుంది.

అయినా కొత్త సైకిల్ కొనేముందు ఒకసారి మీ డాక్టరు గారిని కలవండి. ఎత్తుకు బరువు తగినంతగా ఉందో లేదో చెప్పే బాడీ మాస్ ఇండెక్స్ మీకు 45 దాటుతుంది. మన దేశంలో 25 దాటితేనే ఊబకాయంగా లెక్కిస్తారు. దీనికి తోడు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి కాబట్టి ఈసీజీ తీయించుకుని, రోజూ గంటసేపు సైకిల్ తొక్కాలనుకుంటున్నానని స్పష్టంగా చెప్పి, ఇంకేమైనా పరీక్ష కావాలా అని అడగండి. వాడుతున్న మాత్రల చీటీ కూడా చూపించండి. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారికి శ్రమ చేసినప్పుడు చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు, అందుకని జేబులో గ్లూకోజ్ పొడి గానీ నాలుగు చక్కెర బిళ్లలు గానీ ఉండాలి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. బీపీకి వాడే మాత్రల్లో మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి ఉంటే ఎండలో ఒంట్లో నీరు త్వరగా తగ్గుతుంది. అటెనొలాల్, మెటోప్రొలాల్ వంటివైతే గుండె వేగాన్ని అణచిపెడతాయి కాబట్టి చేతి గడియారం చూపించే గుండె లెక్కను నమ్ముకోకూడదు. మీకు సరిపోయే కొలత మాటే. తొక్కుతూ ఎవరితోనైనా రెండు మూడు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే వేగం సరిగా ఉన్నట్టు, మాట తెగిపోతుంటే తగ్గించాలి. ఛాతీ బిగపట్టినట్టు ఉన్నా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, కళ్లు తిరిగినా వెంటనే దిగి కూర్చోండి, తగ్గిందిలే అని మళ్లీ ఎక్కకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

డాక్టరు గారితో చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది, దీన్ని చాలామంది దాచిపెడతారు. మీకు గట్టిగా గురక వస్తూ పగలు కునుకు పడుతుంటే అది నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కావచ్చు. కునికిపాట్లు పడే మనిషి సైకిల్ మీదైనా స్కూటర్ మీదైనా ట్రాఫిక్‌లోకి వెళ్లడం ప్రమాదం. ముందు దానికి చికిత్స తీసుకోవాలి.

ఇక చక్రం సంగతి. చక్రం తిరుగుతున్నప్పుడు నేలకు దగ్గరగా వచ్చిన స్పోకుల బిగువు కొంచెం సడలుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ బిగుస్తుంది. ఒక కిలోమీటరు దూరంలో ఇది కొన్ని వందల సార్లు జరుగుతుంది. స్పోకులన్నీ సమానంగా, తగినంత గట్టిగా బిగించి ఉంటే ఈ సడలింపు స్వల్పంగా ఉండి ఏళ్ల తరబడి ఏమీ కాదు. వదులుగా ఉంటే ప్రతి చుట్టుకూ స్పోకు హబ్బు (చక్రం నడిమి భాగం) దగ్గర వంపు తిరిగిన చోట కదిలి కదిలి, తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టుగా తెగిపోతుంది. కూర్చున్న మనిషి బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రానిదే. పైగా గేర్ల సైకిల్లో పళ్లచక్రాల గుత్తికి చోటు వదలవలసి రావడం వల్ల వెనుక చక్రంలో కుడివైపు స్పోకులు మరీ బిగుతుగా, ఎడమవైపువి కొంత వదులుగా ఉంటాయి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న పిల్లవాడి సైకిల్‌కు ఇన్ని ఇబ్బందులూ ఒక్కసారే వచ్చి ఉంటాయి. 60 కిలోల మనిషి ఎక్కినా ఆ స్పోకులు తెగేవే, కాకపోతే రెండో రోజుకు బదులు రెండో నెలలో తెగేవి. కాబట్టి అది మీ బరువుకు పడిన శిక్ష అనుకోవద్దు.

సైకిల్ కొనేటప్పుడు ముందుగా అడగవలసింది రంగు, గేర్ల లెక్క కాదు, ఆ మోడల్ ఎంత బరువు మోస్తుందని కంపెనీ రాసిందో చూపించమని అడగాలి. సాధారణ మోడళ్లలో ఎక్కువ భాగానికి ఆ పరిమితి 100 నుంచి 120 కిలోల మధ్య ఉంటుంది, అందులో మనిషితో పాటు బ్యాగు, క్యారేజీ కూడా కలిసే ఉంటాయి. మీకు 140 కిలోలకు తక్కువ కాని పరిమితి కావాలి. దుకాణదారు “ఏం కాదండీ, అందరూ తొక్కుతున్నారు” అంటే అది జవాబు కాదు. కాగితం మీద చూపించలేకపోతే వేరే మోడల్ చూడండి.

నన్నడిగితే మీకు రెండు దారులున్నాయి. మొదటిది, ఇప్పుడెవరూ పట్టించుకోని పాత నల్ల సైకిల్. పాలవాళ్లు క్యాన్లు, కిరాణావాళ్లు బియ్యం బస్తాలు వేసుకుని తొక్కిన ఉక్కు సైకిల్ అది. దాని 28 అంగుళాల చక్రాల్లో ముందు 32, వెనుక 40 స్పోకులు ఉంటాయి, వెనుక చక్రానికి 40 పెట్టిందే బరువు మోయడానికి. తొక్కడానికి బరువనిపిస్తే వెనుక ఉన్న 18 పళ్ల ఫ్రీవీల్ తీయించి 20 లేదా 22 పళ్లది వేయించండి. సిగ్నల్ దగ్గర ఆగి బయలుదేరేటప్పుడు ఎంతో తేలికవుతుంది, చిన్న ఖర్చుతో పోయే పని. విజయవాడలో కొండలు పక్కన ఉన్నాయి గానీ మీ దారి చదునే కాబట్టి గేర్లు లేకపోయినా ఇబ్బంది లేదు. ఈ సైకిల్‌లో లోపం బ్రేకులది. కడ్డీ బ్రేకులు ఉక్కు రిమ్ము తడిస్తే సరిగా పట్టవు, మీ బరువుకు ఆగే దూరం ఇంకా పెరుగుతుంది. వానలో దీన్ని బయటికి తీయవద్దు.

రెండోది, ముందు షాకబ్జార్బర్లు లేని గేర్ల సైకిల్. వెనుక చక్రానికి 36 స్పోకులు, డబుల్ వాల్ (రెండు పొరల) అల్యూమినియం రిమ్ము, 1.75 నుంచి 2 అంగుళాల వెడల్పు టైర్లు, వీలైతే డిస్క్ బ్రేకులు ఉండేలా చూసుకోండి. చవకరకం షాకబ్జార్బర్లు భారీ మనిషి కింద అడుగంటా దిగిపోయి, తొక్కిన బలమంతా మింగేస్తాయి, వాటికోసం డబ్బు పెట్టడం వృథా. మోడల్ నచ్చి చక్రమొక్కటే బలహీనంగా ఉంటే, వెనుక చక్రాన్ని 36 స్పోకులతో విడిగా కట్టించుకోవచ్చు. ఏ సైకిలైనా కొన్న రెండు వారాలకు తప్పకుండా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి చక్రాల బెండు తీయించి, స్పోకుల బిగువు సరిచేయించండి. కొత్త స్పోకులు మొదటి కొద్ది రోజుల్లో సర్దుకుని వదులవుతాయి, ఈ ఒక్క పని చేయించక చాలా చక్రాలు పాడవుతాయి. మీరు ఆటోనగర్‌కు దగ్గరలోనే ఉన్నారు కాబట్టి, లారీ చాసిస్‌లకే వెల్డింగు చేసేవారు సైకిల్ ఫ్రేముకు రెండు అతుకులు వేయలేరా అని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అల్యూమినియం ఫ్రేమును అలా వేడి చేస్తే ఆ చోట లోహం మెత్తబడి బలం ఇంకా తగ్గుతుంది.

కాలు ఎత్తి వెనుక నుంచి వేయడం కష్టంగా ఉంటే లేడీస్ మోడల్ తీసుకోవడానికి మొహమాటపడవద్దు, దానికీ బరువు పరిమితి చూసుకుంటే చాలు. ఆగినప్పుడు తేలిగ్గా దిగగలగడం మీకు పెద్ద భద్రత. ఇవన్నీ కాదు, మోటారు సాయం కావాలనుకుంటే 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లకు మించని బ్యాటరీ సైకిళ్లకు మన దేశంలో లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మోకాలి నొప్పి ముదిరినవారికి అది మంచి దారే, అయితే బరువు పరిమితి నియమం దానికీ వర్తిస్తుంది.

టైర్లలో గాలి వారానికి రెండుసార్లు చూసుకోండి. టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ పరిమితికి కొంచెం తక్కువగా, గట్టిగా ఉంచాలి. గాలి తగ్గితే గుంతలో పడినప్పుడు ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. స్పీడ్ బ్రేకరో గుంతో వస్తే పెడళ్లను సమానంగా ఉంచి సీటు మీంచి కొద్దిగా లేవండి, చక్రానికి దెబ్బ చాలావరకు తగ్గుతుంది.

సీటు విషయంలో అందరూ దిండులాంటి మెత్తని సీటు కొనమంటారు. భారీ మనిషి అందులో కూరుకుపోయి, పిరుదు ఎముకలకు బదులు వాటి మధ్యనున్న మెత్తని భాగం నలిగి పావుగంటలో తిమ్మిరెక్కుతుంది. వెడల్పుగా, కొంత గట్టిగా, అడుగున స్ప్రింగులున్న సీటు మీకు సరిపోతుంది. ఎత్తు సరిచూసుకోవడానికి గోడకు చేయి ఆనించి సీటుపై కూర్చుని, మడమను కింద ఉన్న పెడల్ మీద పెట్టండి. కాలు దాదాపు నిటారుగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొంచెం వంగి ఉంటుంది. మొదట్లో పడిపోతానన్న భయంతో సీటు దించుకోవడం సహజమే, ఒక వారం అలా తొక్కినా పరవాలేదు గానీ అక్కడే ఉండిపోతే మోకాళ్లు నొప్పి పుడతాయి. హ్యాండిల్‌ను సీటు కంటే ఎత్తుగా పెట్టించండి, లేకపోతే ముందుకు వంగినప్పుడు తొడలు పొట్టకు తగిలి ఊపిరి ఆడదు. తొడల ఒరిపిడికి లోపల మోకాళ్ల దాకా వచ్చే నైలాన్ లాంటి సాగే బట్ట నిక్కరు వేసుకుని, బయలుదేరే ముందు వాసెలిన్ రాసుకోండి. చెమటకు తడిసిన నూలు బట్ట ఒరుసుకున్నంతగా మరేదీ ఒరుసుకోదు. షుగరున్నవారికి ఆ పుండ్లు ఆలస్యంగా మానతాయి కాబట్టి ఈ జాగ్రత్త చిన్నదిగా చూడకండి.

మీ ఇంటి నుంచి గవర్నర్‌పేటకు సుమారు 5 కిలోమీటర్లు. గంటకు 10 నుంచి 12 కిలోమీటర్ల వేగంతో అరగంట ప్రయాణం. అయినా మొదటి రెండు వారాలు ఆఫీసు మాట ఎత్తకండి. తెల్లవారుజామున పటమట లోపలి వీధుల్లో పావుగంట, ఇరవై నిమిషాలు, రోజు మార్చి రోజు తొక్కండి. ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం ఆఫీసు దాకా వెళ్లి, అక్కడ టీ తాగి, తీరిగ్గా తిరిగి రండి. దారిలో ఎక్కడ గుంతలున్నాయో, ఎక్కడ దిగాలో అప్పుడే తెలుస్తుంది. ఆఫీసుకు మొదలుపెట్టినప్పుడు రెండు పూటలా తొక్కవద్దు. సోమవారం ఉదయం సైకిల్‌పై వెళ్లి, సైకిల్‌ను ఆఫీసు షెడ్డులో తాళం వేసి ఉంచి, సాయంత్రం సిటీ బస్సులో ఇంటికి రండి. మంగళవారం ఉదయం బస్సులో వెళ్లి సాయంత్రం సైకిల్‌పై తిరిగి రండి. ఇలా రోజుకు ఒక ప్రయాణం చొప్పున నెల రోజులు గడిస్తే శరీరం దానంతటదే రెండో పూటను అడుగుతుంది. వాచ్‌మన్‌ను ముందుగా పరిచయం చేసుకుని, రాత్రి సైకిల్ ఉంటుందని చెప్పి ఉంచండి.

బందరు రోడ్డు గురించి అడిగారు. ఉదయం ఎనిమిదిలోపు అయితే తొక్కవచ్చు, తొమ్మిదిన్నరకు మీబోటి కొత్తవారికి నేను చెప్పను. బెంజ్ సర్కిల్‌లో ఫ్లైఓవర్లు వచ్చాక జాతీయ రహదారి వాహనాలు చాలావరకు పైనుంచే పోతున్నా, కింద నాలుగు వైపుల నుంచీ తిరిగే ఆటోలు, బస్సుల మధ్య కొత్తవారు కంగారు పడతారు. అక్కడ దిగి, పాదచారులతో కలిసి నడిపించుకుంటూ దాటండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. దాటాక లబ్బీపేట మీదుగా నేరుగా వెళ్లకుండా, టిక్కిల్ రోడ్డు, మొగల్రాజపురం లోపలి రోడ్లు పట్టుకుని సూర్యారావుపేట మీదుగా గవర్నర్‌పేట చేరవచ్చు. కొంచెం చుట్టయినా వేగంగా వచ్చే వాహనాలు తక్కువ. రోడ్డు అంచున ఇసుక, మట్టి పేరుకుని ఉంటాయి, మరీ అంచుకు పోకుండా ఒక మీటరు లోపలికి ఉండండి. ఆగి ఉన్న కార్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. చలికాలంలో సాయంత్రం ఆరింటికే చీకటి పడుతుంది కాబట్టి వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, తలకు హెల్మెట్, గంట ఇవన్నీ కొన్న రోజే పెట్టించండి.

చెమటకు నేను చెప్పే ఉపాయం చాలా మామూలుది. ఆఫీసు వేళకు అరగంట ముందు చేరండి. రాగానే బాత్‌రూమ్‌లోకి వెళ్లవద్దు, పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చోండి. ఒళ్లు చల్లబడకముందే తుడుచుకుంటే మార్చుకున్న చొక్కా కూడా తడుస్తుంది. తర్వాత తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని బట్టలు మార్చుకోండి. వారానికి సరిపడా ఇస్త్రీ చొక్కాలు, ఒక ప్యాంటు, చెప్పులు సోమవారమే తెచ్చి బీరువాలో పెట్టుకుంటే రోజూ మోసుకు రానక్కర్లేదు. బ్యాగును వీపుకు తగిలించుకోకండి, వెనుక క్యారియర్‌కు కట్టండి. వీపు తడవదు, సమతుల్యం కూడా బాగుంటుంది.

బరువు తగ్గడం గురించి మీకు లెక్క తెలుసు కాబట్టి లెక్కే చెబుతాను. మీ బరువుకు నెమ్మదిగా రానూ పోనూ గంటసేపు తొక్కితే, కూర్చుని ఉంటే ఖర్చయ్యే దానికంటే అదనంగా సుమారు 350 నుంచి 400 కేలరీలు ఖర్చవుతాయి. వారానికి ఐదు రోజులంటే 2000 లోపు. ఒక కిలో కొవ్వు 7700 కేలరీలు. అంటే తిండి ఏమాత్రం పెరగకుండా ఉంటే నెలకు ఒక కిలో దగ్గర. కానీ సైకిల్ తొక్కి వచ్చిన మనిషికి ఆకలి వేస్తుంది, సాయంత్రం బండి దగ్గర ఒక ప్లేటు పునుగులు ఆ లెక్కను సున్నా చేస్తాయి. అందుకని సైకిల్‌ను బరువు తగ్గే మందుగా కాక, ఆఫీసుకు చేర్చే వాహనంగానే చూడండి. తిండి సంగతి పోషకాహార నిపుణుల దగ్గర వేరుగా చూసుకోండి. త్రాసు ముల్లు కదలని నెలల్లో కూడా చక్కెర, బీపీ మెరుగుపడడం, నిద్ర పట్టడం జరుగుతాయి. త్రాసునే చూసుకునేవారు ఈ లాభాలను గమనించకుండా విసిగి మానేస్తారు.

మీ శ్రీమతి గారి భయం బరువు గురించి కంటే దారి గురించి అయి ఉంటుందని నా అనుమానం. చేరగానే ఒక ఫోన్ చేయండి. ఆ మొదటి ఆదివారం ప్రయాణానికి మీ అబ్బాయిని తోడు తీసుకెళ్లండి. రోడ్డు మీద ఎవరో నవ్వారనుకోండి, వారు తర్వాతి సిగ్నల్‌కే మరచిపోతారు, మెకానిక్ నవ్వితే మాత్రం మరో మెకానిక్‌ను వెతుక్కోండి, ఎందుకంటే అతనితో మీకు నెలనెలా పని ఉంటుంది.

మీరు మంచి కాలంలో అడిగారు. కార్తీకంలో మొదలుపెడితే నాలుగు నెలలు చల్లని ఉదయాలు చేతిలో ఉంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక, ఉగాది నుంచి ఎండ పెరిగేకొద్దీ ఉదయం ఇంకా పెందలాడే బయలుదేరండి, రెండు సీసాల నీళ్లు పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో సాయంత్రం ఆరున్నరకు కూడా రోడ్డు సెగ కక్కుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం పూట సైకిల్‌ను ఆఫీసులోనే ఉంచి, పైన చెప్పినట్టు రోజు మార్చి రోజు ఉదయం పూట మాత్రమే తొక్కాలంటే సైకిల్‌ను ఇంటికి చేర్చే దారి ఒకటి చూసుకోవాలి. ఒక లగేజీ ఆటో మాట్లాడుకోవచ్చు, లేదా తెల్లవారుజామున ఆఫీసు నుంచి ఇంటివైపు ఒకసారి తొక్కిరావచ్చు. అదీ వీలుకాకపోతే వడగాలులు తగ్గేదాకా బస్సులోనే వెళ్లండి. సైకిల్ ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో కూడా టైర్లలో గాలి ఉంచండి, గాలి లేని టైరు మీద నెలల తరబడి నిలబెడితే టైరు పక్కలు పగిలిపోతాయి. మొదలుపెట్టిన మూడో నెలలో ఒకసారి షుగరు, బీపీ పరీక్షలు మళ్లీ చేయించుకుని కాగితాలతో డాక్టరు గారి దగ్గరికి వెళ్లండి. మాత్రల మోతాదు తగ్గించవలసి రావచ్చు, ఆ నిర్ణయం మాత్రం ఆయనదే, మీరు సొంతంగా మానవద్దు.